పెళ్లికి పడవ ఎరువిస్తే బాధ్యత ఎవరిది?

శ్రావణమాసపు ముహూర్తాలు, గోదావరి వరద రోజులు ఏటా దాదాపు పక్కపక్కనే వస్తాయి. డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ కోనసీమ జిల్లాలోని కొన్ని లంక గ్రామాలలో ఆ రోజుల్లో పెళ్లి జరగాలంటే పెళ్లికూతురు, పురోహితుడు, వంటపాత్రలు, బంధుజనం అందరూ నీటి మీదుగానే రావలసి ఉంటుంది. రేవులో తిరిగే పంటు వేళలు ముహూర్తానికి కుదరకపోవచ్చు. అప్పుడు గుర్తుకు వచ్చేది ఊళ్లో సొంత పడవ ఉన్న మనిషి. కొబ్బరికాయలు, అరటిగెలలు, పశుగ్రాసం చేరవేసుకోవడానికో, చేపల వేటకో ఆయన ఇంజను పడవ ఉంచుకుంటాడు. “బాబాయ్, మా చెల్లి పెళ్లికి మీ పడవ ఒక్క పూట ఇప్పించండి” అని ఇంటికి వచ్చి అడిగినవారికి లేదని చెప్పడం పల్లెటూరి మర్యాదలో లేదు. డబ్బు ప్రస్తావన అంతకంటే ఉండదు.

అవసరం కోసం అడిగే ఈ పాత అలవాటుకు ఇప్పుడు వేడుక కోసం అడిగే కొత్త అలవాటు తోడైంది. కేరళలోని ఆలప్పుళ కాలువలలో హౌస్‌బోటు మీద పెళ్లి, శ్రీనగర్‌లోని దాల్ సరస్సులో శికారాల మీద వరుడి రాక, పాపికొండల నేపథ్యంలో వధూవరుల ఫోటోలు, వీడియోలు చూసినవారు తమ ఊరి కాలువలోనూ అటువంటి దృశ్యం కోరుకుంటున్నారు. వ్యాపారంగా నడిచే పడవలకు టిక్కెట్లు, రశీదులు, అనుమతులు ఉంటాయి, లేదా ఉండాలి. స్నేహం కొద్దీ ఇచ్చిన సొంత పడవకు అవేవీ ఉండవు. ఆ పడవకు ప్రమాదం జరిగితే జవాబు చెప్పవలసింది ఎవరు? ఇచ్చినవాడా, పుచ్చుకున్నవాడా, నడిపినవాడా?

“డబ్బు తీసుకోలేదు కదా” అన్న మాట ఈ ప్రశ్నకు పూర్తి జవాబు కాదు. కొన్ని చట్టాల ముందు ఆ మాటకు విలువ ఉంది. మరికొన్నింటి ముందు ఏమాత్రం లేదు. ఏది ఎక్కడ చెల్లుతుందో పడవ యజమానులలో చాలామందికి ప్రమాదం జరిగిన తరువాతనే తెలుస్తున్నది.

ఎరువుకూ అద్దెకూ నడుమ

వస్తువును ఒక పని కోసం మరొకరి చేతికి అప్పగించి, పని తీరాక తిరిగి పుచ్చుకోవడాన్ని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం ‘బెయిల్‌మెంట్’ అంటుంది. దానికి కాగితం రాసుకోనక్కరలేదు, నోటిమాట చాలు. అందులో ఉచితంగా ఇచ్చేది ఒక రకం, అద్దెకు ఇచ్చేది మరొక రకం. తెలుగులో ఈ తేడాకు ఎప్పటినుంచో వేరు వేరు మాటలున్నాయి. డబ్బు తెచ్చుకుంటే అప్పు, వస్తువు వాడుకుని తిరిగి ఇచ్చేందుకు తెచ్చుకుంటే ఎరువు, సొమ్ము చెల్లించి తెచ్చుకుంటే అద్దె. ‘ఎరువు సొమ్ము బరువు చేటు’ అన్న సామెత నగ తెచ్చుకున్నవారిని హెచ్చరించడానికి పుట్టింది కానీ, పడవ విషయంలో ఆ బరువు ఇచ్చినవారి మీద కూడా పడుతుంది.

ఆ చట్టంలోని 150వ సెక్షన్ యజమాని బాధ్యతను చెబుతుంది. ఉచితంగా ఇచ్చేవాడు తనకు తెలిసిన లోపాలను, అంటే వాడకానికి అడ్డు వచ్చేవి, అసాధారణమైన ప్రమాదం తెచ్చేవి అయిన లోపాలను, తీసుకునేవాడికి ముందే చెప్పి తీరాలి. చెప్పకపోతే, ఆ లోపం వల్ల నేరుగా కలిగిన నష్టానికి తానే బాధ్యుడు. అద్దెకు ఇచ్చినప్పుడు మాత్రం లోపం తనకు తెలిసినా తెలియకపోయినా బాధ్యత యజమానిదే. దీనికి చట్టమే ఒక ఉదాహరణ ఇచ్చింది: పెంకెదని తెలిసిన గుర్రాన్ని ఆ సంగతి చెప్పకుండా ఎరువిస్తే, అది కట్టు తప్పి పరుగెత్తి, ఎక్కినవాడు కింద పడి గాయపడితే, ఇచ్చినవాడే నష్టపరిహారం చెల్లించాలి.

గుర్రం స్థానంలో పడవను ఉంచి చూస్తే సంగతి స్పష్టమవుతుంది. అడుగు చెక్క సందులోంచి నీరు ఊరుతుందని, గంటకోసారి తోడిపోయాలని యజమానికి తెలుసు. ఇంజను వేడెక్కితే నడినీటిలో ఆగిపోతుందని తెలుసు. చుక్కాని కుడివైపుకు బిగుసుకుంటుందనీ తెలుసు. రోజూ నడిపే మనిషికి ఇవి లోపాలుగానే తోచవు, అలవాట్లుగా మారిపోతాయి. పడవను వేరొకరి చేతికి ఇచ్చిన క్షణంలో ఆ అలవాట్లన్నీ చెప్పవలసిన లోపాలవుతాయి. వాటిని ఒక కాగితం మీద రాసి, తీసుకునే వ్యక్తి చేత సంతకం చేయించుకోవడం అపనమ్మకం కిందకు రాదు. రేపు కోర్టులో ‘చెప్పాను’, ‘చెప్పలేదు’ అన్న వాదానికి అది ఒక్కటే నిలిచే సాక్ష్యం కావచ్చు.

తీసుకున్నవారి బాధ్యత 151, 152 సెక్షన్లలో ఉంది. సామాన్య వివేకం గల మనిషి తన సొంత వస్తువును ఎంత జాగ్రత్తగా చూసుకుంటాడో, ఎరువు తెచ్చిన పడవనూ అంత జాగ్రత్తగా చూసుకోవాలి. అలా చూసుకున్నా పడవ దెబ్బతింటే, వేరే ఒప్పందం లేనప్పుడు, తీసుకున్నవాడు బాధ్యుడు కాడు. అయితే జాగ్రత్త తీసుకున్నానని చూపించుకోవలసింది అతనే. అంతకంటే కఠినమైనది 154వ సెక్షన్. ఏ పనికి ఇచ్చారో ఆ పనికి కాక మరొక పనికి వాడితే, అజాగ్రత్త ఏమీ లేకపోయినా నష్టం మొత్తం వాడుకున్నవారిదే. పెళ్లికూతురిని లంక నుంచి రేవుకు చేర్చడానికి తీసుకున్న పడవ మీద రాత్రి సౌండ్ బాక్సులు, జనరేటరు పెట్టి ఊరేగింపు తీశారనుకుందాం. నీటిలో కనిపించని మొద్దుకు తగిలి పడవ పగిలింది. నడిపినవాడి తప్పు లేకపోవచ్చు. అయినా పడవ ఖరీదు పెళ్లివారు చెల్లించవలసిందే. అనుకున్న వేళకు తిరిగి అప్పగించకపోతే, ఆ తరువాత జరిగే నష్టం కూడా 161వ సెక్షన్ ప్రకారం వారి మీదనే పడుతుంది.

ఇక్కడ చిన్న చిక్కు ఒకటుంది. పెళ్లివారు డీజిల్ పోయిస్తారు. పడవతో వచ్చిన సరంగుకు భోజనం పెట్టి, తాంబూలంలో ఐదు వందలో వెయ్యో ఉంచుతారు. ఇది అద్దె అవుతుందా? వాడిన ఇంధనం ఖర్చు ఇచ్చినంత మాత్రాన, మర్యాదకు తాంబూలం పెట్టినంత మాత్రాన ఎరువు అద్దెగా మారదని వాదించవచ్చు. కానీ ‘డీజిల్ పోను మూడు వేలు’ అని ముందే మాట్లాడుకున్న రోజున, ఆ మూడు వేలను ఏ పేరుతో పిలిచినా అది అద్దెగా తేలే అవకాశమే ఎక్కువ. అలా తేలితే తెలియని లోపానికి కూడా యజమాని బాధ్యుడవుతాడు, బీమా సంస్థ చేతులెత్తేస్తుంది, భారతీయ న్యాయ సంహితలో ‘కిరాయికి’ అన్న మాట ఉన్న సెక్షన్ కూడా వర్తిస్తుంది. మూడు వేల రూపాయలకు ఇది చాలా ఖరీదైన బేరం.

పడవ ఎక్కినవారి హక్కు

ఇప్పటిదాకా చెప్పుకున్నది ఇచ్చినవారికీ తీసుకున్నవారికీ మధ్య లెక్క. పడవ ఎక్కిన అతిథులు ఆ ఒప్పందంలో లేరు. “ఏం జరిగినా మాదే బాధ్యత” అని పెళ్లికూతురి తండ్రి రాసిచ్చిన కాగితం వారి హక్కును తగ్గించదు. వారికి నష్టం జరిగితే, ఎవరి నిర్లక్ష్యం కారణమో వారి మీద దావా వేసుకోవచ్చు. ఆ కాగితం ఉపయోగం ఒక్కటే: యజమాని చెల్లించవలసి వచ్చిన మొత్తాన్ని పెళ్లివారి నుంచి తిరిగి రాబట్టుకోవడానికి అది ఆధారమవుతుంది.

యజమాని నిర్లక్ష్యం ఎప్పుడు అవుతుంది అన్నది చాలావరకు పడవ ఎవరి చేతిలో ఉన్నదన్న దాని మీద ఆధారపడి ఉంటుంది. తన దగ్గర జీతానికి ఉన్న సరంగును పడవతో పాటు పంపితే, ఆ సరంగు చేసిన తప్పు యజమాని ఖాతాలోకే వస్తుంది. ఆ పూటకు అతను పెళ్లివారి మాట విన్నాడు కాబట్టి వారి మనిషేనని నిరూపించడం తేలిక కాదు. 1977లో ఒక కారు ప్రమాదం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు దీనికి దగ్గరగా ఉంటుంది. ఒక సంస్థ కారును ఆ సంస్థ మేనేజరే నడుపుతూ, పరిచయస్తుడిని ఉచితంగా ఎక్కించుకున్నాడు. ప్రమాదంలో ఆ వ్యక్తి మరణించాడు. మేనేజరు ఉద్యోగ విధిలో భాగంగానే నడుపుతున్నాడు కనుక, ప్రయాణం ఉచితమైనా సంస్థ బాధ్యత వహించాలని న్యాయస్థానం తేల్చింది.

యజమాని సరంగును పంపకుండా పడవ ఒక్కటే ఇచ్చి, పెళ్లివారే తమ మనిషిని పెట్టుకుంటే ఆ భారం తగ్గుతుంది. అయితే పూర్తిగా పోదు. పడవ నడపడం రాని కుర్రవాడికి తాళం చెవి ఇవ్వడం, మద్యం తాగి ఉన్నాడని తెలిసీ ఇవ్వడం, పదిహేను మంది పట్టే పడవలో నలభై మంది ఎక్కుతుంటే గట్టున నిలబడి చూస్తూ ఊరుకోవడం, ఇవన్నీ యజమాని సొంత నిర్లక్ష్యాలే. వాటికి మరొకరి తప్పు అడ్డు రాదు. పెళ్లివారి బాధ్యత కూడా చిన్నది కాదు. అతిథులను పిలిచినవారు, ఎంతమంది ఎక్కాలో చెప్పినవారు, త్వరపెట్టినవారు వారే. న్యాయస్థానం అందరి వాటానూ తూచి చూస్తుంది.

రోడ్డు ప్రమాదాలకు అలవాటు పడిన మనకు ఇక్కడ ఒక తేడా తెలియాలి. మోటారు వాహనాల చట్టం రోడ్డు మీద నడిచే వాహనాలకే వర్తిస్తుంది. పడవ ప్రమాద బాధితులు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌కు వెళ్లే వీలు లేదు. మరణం జరిగితే 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద సివిల్ కోర్టులో దావా వేయాలి. మృతుల భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లల ప్రయోజనం కోసమే ఆ దావా. తోబుట్టువుల ప్రస్తావన ఆ చట్టంలో లేదు. వినియోగదారుల కమిషన్ దగ్గరకు వెళ్లాలంటే సేవకు ప్రతిఫలం ముట్టి ఉండాలి. ఉచిత సేవను 2019 వినియోగదారుల రక్షణ చట్టం తన పరిధి నుంచి మినహాయించింది. అందుచేత ఎరువు పడవ యజమాని మీద ఆ తలుపు మూసి ఉంటుంది. పెళ్లి ఏర్పాట్లన్నీ ఒక ఈవెంట్ సంస్థకు గుత్తకు ఇచ్చి, ఆ సంస్థే పడవ తెచ్చి ఉంటే మాత్రం ఆ సంస్థ మీద తెరిచే ఉంటుంది. డబ్బు కట్టినవారే కాక, వారి సమ్మతితో ఆ సేవ పొందినవారు కూడా ఆ చట్టంలో వినియోగదారులే.

నేరం విషయంలో

భారతీయ న్యాయ సంహిత 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చింది. నిర్లక్ష్యం వల్ల మరణానికి కారకులైతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు జైలు, జరిమానా పడవచ్చు. పాత శిక్షాస్మృతిలో ఇది రెండేళ్ల వరకే. ప్రమాదకరంగా పడవ నడపడం 282వ సెక్షన్ కింద నేరం. ప్రాణాపాయం కలిగేంత పాడైన, లేదా అంత బరువు ఎక్కిన పడవలో కిరాయికి మనుషులను తీసుకువెళ్లడం, తీసుకువెళ్లేట్టు చేయడం 284వ సెక్షన్ కింద నేరం. దీనికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఐదు వేల రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ‘కిరాయికి’ అన్న మాట ఉన్నది ఈ చివరి సెక్షన్‌లో మాత్రమే. మొదటి రెండింటికీ డబ్బు తీసుకున్నారా లేదా అన్నదానితో పని లేదు.

లోతట్టు జలాలలో నడిచే పడవలకు 2021 లోతట్టు నౌకల చట్టం ఉంది. అది 1917 నాటి చట్టం స్థానంలో వచ్చింది. ఇంజనుతో నడిచే పడవకు సర్వే ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్ ఉండాలని, అర్హత గల సిబ్బంది నడపాలని, పడవ వాడకం వల్ల కలిగే మరణానికి, గాయాలకు, నష్టానికి వర్తించే బీమా ఉండాలని అది చెబుతున్నది. తెడ్డుతో, గెడతో, తెరచాపతో నడిచే నాటుపడవల నమోదుకు కూడా అందులో వేరే ఏర్పాటు ఉంది. ఆ పనిని రాష్ట్ర ప్రభుత్వాలు స్థానిక సంస్థలకు అప్పగించవచ్చు. సర్వే ధ్రువపత్రం ఏ పనికి, ఎంతమందికి, ఏ నీటిలో అన్నది చూసి ఇచ్చేది. సరుకు పడవగా, చేపల పడవగా నమోదైన దాని మీద మనుషులను ఎక్కిస్తే, ఛార్జీ తీసుకున్నా తీసుకోకున్నా, ఆ పత్రం పరిధి దాటినట్టే.

ఆ పరిధి దాటితే ఏమవుతుందో కేరళలోని తానూరు చూపింది. 2023 మే 7న మలప్పురం జిల్లాలో అక్కడి నీటిలో బోల్తా పడిన విహార పడవలో 22 మంది మరణించారు. అది చేపల పడవను మార్చి తయారు చేసిందని తరువాత వెల్లడైంది. పడవ యజమానిని పోలీసులు అరెస్టు చేశారు, కేరళ హైకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది. కృష్ణా నదిలో 2017 నవంబరు 12న, కార్తీక మాసంలో, పవిత్ర సంగమం దగ్గర బోల్తా పడిన పడవలో ఇరవై మందికి పైగా మరణించారు. ఆ మార్గంలో ప్రయాణికులను తీసుకువెళ్లే అనుమతి దానికి లేదని అధికారులు ప్రకటించారు. ఇవి టిక్కెట్టు పడవలు, ఎరువు పడవలు కావు. కానీ చేపల పడవను, సరుకు పడవను ఒక్క పూట పెళ్లికి ఇచ్చినప్పుడు, నీటి దృష్టిలో రెంటికీ తేడా లేదు.

పెళ్లి పడవ మిగిలిన పడవల కంటే ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణాలున్నాయి. నలుగురు నాలుగు పనుల మీద వెళ్లే రేవు పడవలో జనం కూర్చున్నచోటే కూర్చుంటారు. పెళ్లి పడవలో ఫోటో తీసేవాడు పిలిస్తే ముప్పై మంది ఒక పక్కకు లేచి వస్తారు. సగటున 65 కిలోల చొప్పున అది దాదాపు రెండు టన్నుల బరువు ఒక్కసారిగా ఒక అంచుకు జరగడం. పైన కట్టిన పందిరి, షామియానా గాలికి తెరచాపలా పనిచేస్తాయి. బరువు పైకి పెరిగేకొద్దీ పడవ ఒరిగాక మళ్లీ నిలదొక్కుకునే శక్తి తగ్గుతుంది. ఇక పట్టుచీరలు, నగలు, చంటిపిల్లలు. లైఫ్ జాకెట్ వేసుకోమంటే ఫోటోలు పాడవుతాయన్న సమాధానం వినిపిస్తుంది. పెద్దల కొలతకు చేసిన జాకెట్ పిల్లవాడి మెడలోంచి జారిపోతుందన్న సంగతి చాలామందికి తెలియదు.

పొరుగు దేశాలలో జరిగిన రెండు ప్రమాదాలు ఈ సంగతినే చెబుతాయి. బంగ్లాదేశ్‌లోని రాజ్‌షాహీ వద్ద 2020 మార్చి 6న పెళ్లి బృందంతో వస్తున్న రెండు పడవలు పద్మా నదిలో మునిగాయి. మృతులలో నవవధువు కూడా ఉంది. పాకిస్తాన్‌లోని సాదిఖాబాద్ సమీపంలో 2022 జూలై 18న సింధు నదిలో పెళ్లి బృందం పడవ మునిగినప్పుడు మరణించినవారిలో అత్యధికులు మహిళలు. పట్టే సంఖ్యకు మించి జనం ఎక్కారని అక్కడి అధికారులు చెప్పారు.

బీమా కాగితం ఏం చెబుతుంది

బీమా ఉన్నదన్న ధీమాతో పడవ ఇచ్చేవారు ఒకసారి పాలసీ కాగితం చదువుకోవడం మంచిది. చేపల పడవ పాలసీ సాధారణంగా చేపల వేటకే రక్షణ ఇస్తుంది. సొంత వాడకానికి తీసుకున్న పాలసీలో కిరాయికి తిప్పడం, రాత్రివేళ నడపడం, పేర్కొన్న నీటి పరిధి దాటడం, అర్హత లేనివారు నడపడం వంటివి మినహాయింపులుగా ఉండవచ్చు. పడవకు జరిగిన నష్టానికి ఉన్న బీమా వేరు, పడవ ఎక్కినవారి ప్రాణనష్టానికి ఉన్న బీమా వేరు. మొదటిది ఉన్నంత మాత్రాన రెండోది ఉన్నట్టు కాదు. పైన చెప్పిన 1977 తీర్పులోనే బీమా సంస్థ బాధ్యత పాలసీలో రాసుకున్న పదిహేను వేల రూపాయల వరకే పరిమితమైంది. మిగిలినది యజమాని మీదనే మిగిలింది.

దీనికి దారి లేకపోలేదు. పెళ్లి తేదీ, ఎక్కేవారి సంఖ్య, మార్గం తెలియజేసి, ఆ ఒక్క రోజుకు రక్షణ వర్తిస్తుందని బీమా సంస్థ నుంచి రాతపూర్వకంగా తీసుకోవచ్చు. అదనపు ప్రీమియం అడిగితే, దాన్ని పెళ్లివారు భరించడం న్యాయం. బ్యాంకు రుణంతోనో, ప్రభుత్వ రాయితీతోనో కొన్న పడవ అయితే, ఇతరులకు ఇవ్వరాదన్న షరతు అందులో ఉందేమో చూసుకోవాలి. పడవ తండ్రి పేరున రిజిస్టరై కొడుకు నడుపుతున్న ఇళ్లలో, పోలీసులు ముందుగా వచ్చేది కాగితంలో పేరు ఉన్నవారి దగ్గరకే.

ఇచ్చే ముందు రాసుకునే కాగితానికి ప్రత్యేకమైన భాష అక్కరలేదు. ఏ తేదీన, ఏ వేళ నుంచి ఏ వేళ వరకు, ఏ రేవు నుంచి ఏ రేవుకు, ఎంతమందికి మించకుండా, ఎవరు నడపాలి, తెలిసిన లోపాలు ఏమిటి, లైఫ్ జాకెట్లు ఎన్ని ఇచ్చారు, డబ్బు ఏదీ పుచ్చుకోలేదు అన్న వివరాలు, ఇద్దరి సంతకాలు, మరో ఇద్దరి సాక్షి సంతకాలు చాలు. ఇచ్చేముందు, తిరిగి తీసుకున్నాక పడవ ఫోటోలు సెల్‌ఫోనులో తీసి ఉంచుకుంటే మరీ మంచిది. ఎరువు వస్తువుకు కాగితం అడగడమేమిటని నొచ్చుకునేవారు ఉంటారు. కానీ ఆ కాగితం పడవ ఇచ్చినవారిని కాపాడినట్టే తీసుకున్నవారినీ కాపాడుతుంది. ముందే ఉన్న పగులును తమ మీదకు తోయకుండా ఆపేది అదే.

ముహూర్తం నాటి ఉదయం

అన్నీ కుదిరి, ముహూర్తం నాటి ఉదయం నది పొంగితే? మాట ఇచ్చిన యజమాని వెనక్కు తగ్గవచ్చా? ఒప్పందాల చట్టం 159వ సెక్షన్ ప్రకారం ఉచితంగా ఇచ్చిన వస్తువును, గడువు చెప్పి ఇచ్చినా సరే, ఎప్పుడైనా తిరిగి ఇమ్మని అడిగే హక్కు యజమానికి ఉంది. అయితే అతని మాట నమ్మి తీసుకున్నవారు ఏర్పాట్లు చేసుకుని, మధ్యలో తిరిగి ఇవ్వడం వల్ల పొందిన మేలును మించిన నష్టం వారికి కలిగితే, ఆ మించిన మేరకు యజమాని భర్తీ చేయాలి. వాతావరణం బాగాలేకపోతే పడవ కదలదని ముందే రాసుకుంటే ఈ తగవుకు తావుండదు. అధికారులు పడవల రాకపోకలు నిలిపివేసిన రోజున ఇక ఒప్పందం గురించి ఆలోచించనే అక్కరలేదు. చట్టం వద్దన్న పనిని చేయమని ఏ ఒప్పందమూ బలవంతపెట్టలేదు.

వరద హెచ్చరికను కొలబద్దగా పెట్టుకునేవారు ఒక సంగతి గమనించాలి. ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం సుమారు పది లక్షల క్యూసెక్కులకు చేరినప్పుడు మొదటి ప్రమాద హెచ్చరిక జారీ చేస్తారు. రెండోది 13.75 అడుగుల వద్ద, మూడోది 17.75 అడుగుల వద్ద. ఇవి గట్లకు, గ్రామాలకు ఉద్దేశించిన హెచ్చరికలు. పడవ నడపడానికి నది క్షేమంగా ఉన్నదా లేదా అన్నది వీటి నుంచి తేలదు. 2019 సెప్టెంబరు 15న దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద పర్యాటకుల బోటు మునిగి సుమారు యాభై మంది ప్రాణాలు కోల్పోయిన రోజున గోదావరిలో ప్రవాహం సుమారు ఐదు లక్షల క్యూసెక్కులే. మొదటి హెచ్చరికకు అది సగం. ఇరుకైన కొండల నడుమ, సుడులున్న మలుపులో ఆ సగమే చాలింది. హెచ్చరిక ఎగరలేదు కాబట్టి పడవ ఇచ్చానన్న వాదన కోర్టులో యజమానిని గట్టెక్కిస్తుందని అనుకోవడానికి లేదు. ఆ మలుపు సంగతి ఊరివాడికి తెలిసి ఉండాలి కదా అన్న ప్రశ్న వెంటనే ఎదురవుతుంది.

ప్రమాదం జరిగితే సమీప పోలీసు స్టేషనుకు, రాష్ట్ర ప్రభుత్వం నియమించిన అధికారికి తెలియజేయాలని 2021 చట్టం చెబుతున్నది. విచారణ జరిపే అధికారులు చూసేవరకు పడవను, ఇంజనును కదపకుండా, మరమ్మతు చేయకుండా ఉంచడం యజమానికే మేలు. చేతులు పడిన పడవ సాక్ష్యంగా పనికిరాదు. బీమా సంస్థకు ఆ రోజే సమాచారం ఇవ్వాలి. బాధిత కుటుంబాలు గుర్తుంచుకోవలసిన గడువు ఒకటుంది. ప్రాణాంతక ప్రమాదాల చట్టం కింద దావా వేయడానికి మరణించిన తేదీ నుంచి రెండేళ్లే సమయం. వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే అవకాశం ఉన్నవారికీ ఫిర్యాదు కారణం తలెత్తిన నాటి నుంచి గడువు రెండేళ్లే. పెళ్లి ఇంట జరిగిన విషాదం కనుక బంధువుల మధ్య రాజీ మాటలు నెలల తరబడి సాగడం సహజం. ఆ మాటలు సాగుతున్నంత మాత్రాన గడువు ఆగదు.